మూడు వాట్లు, అక్కయ్య చెవులు

బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి అక్కయ్య సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది. మూడు చీరలు, తువ్వాలు, కళ్ళజోడు పెట్టె, రెండు పుస్తకాలు. పదకొండు గంటల బస్సులో చెల్లెలి ఊరికి వెళ్ళి, అక్కడి ఆస్పత్రిలో చెవులు చూపించుకుని, మూడో రోజు తిరిగి రావాలి. ఈ ఏర్పాటు తమ్ముడిది. మూడు రోజులకని పంపించిన పెద్దవాళ్ళు మళ్ళీ ఇల్లు చేరడం అక్కయ్య పెద్దగా చూడలేదు. ఇంకో రెండు చీరలు పెట్టింది, వెంటనే తీసేసింది. ఎక్కువ బట్టలు కనిపిస్తే నిజంగానే ఉంచేసుకుంటారేమోనని భయం.

ఆమె ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. బరబరమనే లైన్లో కూడా అవతలివాళ్ళు ఏడుస్తున్నారో, ఏడుపు నటిస్తున్నారో చెప్పేసేది. అలాంటి చెవుల మీద అనుమానం రావడానికి కారణం తమ్ముడి ఆంప్లిఫయర్.

తమ్ముడు గడియారాలు బాగుచేసేవాడు. బాగుచేయించుకునేవాళ్ళు కరువై కొట్టు మూసేశాక, చేతులు ఊరుకోక, గాజు ట్యూబులతో ఒక ఆంప్లిఫయర్ తయారుచేశాడు. దాని శక్తి మూడు వాట్లు. పుస్తకాల అరలో పట్టేంత చిన్న స్పీకర్లు రెండు దానికి తగిలించి, వాటికి రెండడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని వయొలిన్ వినేవాడు. నెల రోజులుగా వంటింట్లోంచి అక్కయ్య ఏమీ వినపడటం లేదంటోంది. తన చేతి పనిలో లోపం ఉండొచ్చన్న ఆలోచన తమ్ముడికి రాలేదు. ఇక మిగిలింది అక్కయ్యే.

ప్రయాణానికి ముందు ఆఖరి పరీక్ష పెట్టాడు. అందుకోసం ముందురోజే కొత్త స్పీకర్లు తెచ్చి ఉంచాడు. వాటి వెనక నాలుగు వందల వాట్లని రాసి ఉంది. నాలుగు వందల వాట్లు కూడా వినపడకపోతే చెవులు పోయినట్టేనని అతని లెక్క. వాల్యూమ్ చివరిదాకా తిప్పాడు. వయొలిన్ దోమలా మూలిగింది.

"ఇదివరకటికంటే తగ్గిందిరా," అంది అక్కయ్య అతని పక్కనే నిలబడి.

తమ్ముడు జాలిగా తలూపాడు. "నేననుకున్నదానికంటే ముదిరింది."

వీడ్కోలు చెబుదామని వచ్చిన పక్కింటి టీచరుకు గేటు దగ్గరే ఈ సంగతి చెప్పాడు. ఆవిడ లోపలికొచ్చి, అక్కయ్య చెవిలో నోరు పెట్టి, ఒక్కో అక్షరం విడదీసి, ధైర్యంగా ఉండమని అరిచింది. గూబ గుయ్యిమన్న అక్కయ్య, తనకు బాగానే వినిపిస్తోందని నెమ్మదిగా చెప్పింది. చెవులు పోయినవాళ్ళందరూ అదే అంటారని టీచరుకు తెలుసు. గుమ్మంలో నిలబడ్డ తమ్ముడికి మాత్రం అక్కయ్య పెదవులు కదలడం కనిపించింది తప్ప మాట వినపడలేదు. వెంటనే చెల్లెలికి ఫోను చేశాడు.

"అక్కయ్యకు మాట కూడా పడిపోయిందే. నువ్వు అన్నీ సిద్ధం చేసుకో."

అవతలివాళ్ళు చెప్పేది వినే అలవాటు అతనికి మొదటినుంచీ లేదు. చెల్లెలు కంగారుగా చెప్పిందంతా వంటింట్లో ఉన్న అక్కయ్య వింది. ఆస్పత్రిలో ఈరోజే మంచం చెప్పి ఉంచుతుందట. ఇక అక్కయ్యను వెనక్కి పంపదట. ముందుగది ఖాళీ చేయిస్తుందట.

అక్కయ్య వంటింట్లోంచి హాల్లోకి వచ్చింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగం ఊరికే పోదు. తమ్ముడి చేతిలోంచి ఫోను తీసుకుని రేడియో మెకానిక్‌ నంబరు నొక్కింది.

అతను పావుగంటలో వచ్చాడు. రేడియోల మోతలో పనిచేసి పనిచేసి అతని గొంతు పెద్దదైంది. స్పీకరు వెనక్కి తిప్పి చూసి, నవ్వు ఆపుకున్నాడు.

"సార్, ఈ నాలుగు వందలు ఇది ఎంత తిని తట్టుకుంటుందో చెప్తుంది. ఎంత పలుకుతుందో కాదు. ఒక్క వాటు పెడితే మీటరు దూరంలో ఎంత మోత వస్తుందో, అదీ చూసుకోవాల్సింది. దీనికి ఎనభై నాలుగు డెసిబెల్స్. మీరు పెట్టే మూడు వాట్లు దీని పంటికిందకు కూడా రావు."

"మరి ఏది కొనాలి?" తమ్ముడు గంభీరంగా అడిగాడు.

"మూడు డెసిబెల్స్ ఎక్కువున్నదైతే సగం వాట్లు చాలు సార్. నా దగ్గర తొంభై తొమ్మిదిది ఒక జత ఉంది. మీ మూడు వాట్లే వంద వాట్ల పని చేస్తాయి."

మూతపడ్డ సినిమా హాల్లోంచి వచ్చిన ఆ జత వ్యాన్‌లో దిగింది. ఒక్కొక్కటి బీరువా అంత ఉంది, పైన గరాటాలాంటి మూతి. అవి లోపలికి రావడానికి సోఫా వరండాలోకి, తమ్ముడి కుర్చీ హాలు చివరి గోడ దగ్గరికి వెళ్ళాయి. తమ్ముడు దర్జాగా కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. మెకానిక్ వాల్యూమ్ కాస్తంత తిప్పాడు.

"రెండో తీగ కొద్దిగా దిగింది, వాయించే ఆయన సర్దుకుంటున్నాడు," అంది వంటింట్లోంచి అక్కయ్య. టీచరు తన కిటికీలోంచి, వయొలిన్ చాలా బాగుందంది.

తమ్ముడు కళ్ళు తెరిచాడు. "కానివ్వవయ్యా. ఇంకా మొదలుపెట్టవేం?"

మెకానిక్ పైకప్పు వంక చూశాడు. అక్కయ్య వచ్చి తమ్ముడి కుర్చీ వెనక నిలబడి, "ఒరేయ్, పదకొండవుతోంది," అంది మామూలు గొంతుతో. అతను తల తిప్పలేదు. ఆమె ఇంకోసారి అంది. తర్వాత అనలేదు. లోపలికెళ్ళి సంచీలోంచి చీరలు తీసి, అతని చొక్కాలు పెట్టింది.

బస్సు దగ్గర అతని చెవిలో గట్టిగా చెప్పింది. "మూడు రోజుల్లో వచ్చెయ్."

"రాక? ఆ స్పీకర్లను నీకు వదిలేస్తానా?" అన్నాడు తమ్ముడు.

చెల్లెలి ఊరి ఆస్పత్రిలో చెవికి మిషను పెట్టగానే అతనికి మొదట వినిపించింది డాక్టరు గదిలో గోడ గడియారం కుంటి నడక. దించి బాగుచేశాడు. తర్వాత వార్డుల్లోవి, ఆ తర్వాత ఆ వీధిలోవి. అక్కయ్య కోసం ఖాళీ చేయించిన ముందుగదిలో ఇప్పుడు గడియారాల కొట్టు నడుస్తోంది. ప్రతి ఆదివారం పొద్దున ఫోను చేస్తాడు. అక్కయ్య ఫోనును స్పీకర్ల వైపు తిప్పి పట్టుకుంటుంది. అవతల అతను మాట్లాడకుండా వింటాడు.

మూడు రోజులకని ఆ బుధవారం పదకొండు గంటల బస్సెక్కిన తమ్ముడు తిరిగి రాలేదు.