చిక్కుడు తీగకు ఏడు కుట్లు

ఇలా రండర్రా, ఆ చాప కొంచెం ఇటు లాక్కుని కూర్చోండి. దూరంగా కూర్చుంటే సగం కథ గాలికే పోతుంది. మన దర్జీ మామయ్య ఒక వసంతకాలం పొద్దున తోటపనికి దిగిన వైనం ఇది.

నలభై ఏళ్లు బట్టలు కుట్టి, చూపు మందగించాక మిషను మూలకు నెట్టి ఇంట్లో కూర్చున్నాడాయన. పెరటి తోట మాత్రం అత్తయ్య రాజ్యం. చలి తగ్గి ఎండ ముదిరేలోపు గులాబీలు కత్తిరించాలి, ముదిరిన మొక్కలు తీసేయాలి, ఆకుకూర మడి తవ్వి విత్తనాలు చల్లాలి. సరిగ్గా ఆ వారమే ఆవిడ అక్క కాలు జారి పడింది.

"రేపు సాయంత్రానికి వచ్చేస్తాను," అంది అత్తయ్య, సంచి భుజాన వేసుకుంటూ. "గులాబీలు కత్తిరించండి. ఆకుకూర విత్తనాలు చల్లేశాను, ఆ మడిలో కాలు పెట్టకండి. కొన్నిటికి ఎర్రదారం కట్టాను, వాటి సంగతి చూడండి. అన్నిటికన్నా ముందు మా అమ్మ చిక్కుడు జాగ్రత్త."

"అదీ చెప్పాలా నాకు," అన్నాడు మామయ్య, పేపర్లోంచి తల ఎత్తకుండా.

చెప్పాల్సిందే మరి. పందిరి మీద రెండు చిక్కుడు తీగలున్నాయి. అందులో ఒకటి, అత్తయ్య పెళ్లయి వచ్చేటప్పుడు కొంగున ముడేసుకుని తెచ్చిన గింజల సంతతి. నిరుడు దాచిన గింజలకు పురుగు పట్టింది. ఈ ఏడు కాయలింకా పచ్చిగానే ఉన్నాయి. "ఈ తీగ పోయిందంటే మా అమ్మ రెండోసారి పోయినట్టే," అంటుందావిడ. రెండిట్లో ఏది ఏదో మామయ్యకు తెలియదు. చిక్కుడుతో ఆయన పరిచయమంతా కంచంలోనే.

ఎర్రదారం సంగతి మాత్రం ఆయనకు బాగా తెలుసు. ఆయన దుకాణంలో బట్ట మీద ఎర్రదారం వేశారంటే అక్కడ కత్తెర పడాలని గుర్తు. అందుకని బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర తీసి, గుడ్డతో తుడిచి, పెరట్లోకి వెళ్లాడు. ఎర్రదారం కట్టిన వంగ మొక్కలు మూడు, చామంతి ఒకటి పడిపోయాయి. తర్వాత పందిరి దగ్గర ఎర్రదారమున్న తీగ. మొదలు బొటనవేలంత లావు. ముప్పావు వంతు తెగేసరికి గోడ మీదుగా పక్కింటి డ్రిల్లు మాస్టారి తల లేచింది.

"బావగారూ, ఎర్రదారం ఉన్నవాటినా కోస్తున్నారు?"

"మరి?"

"మా ఇంట్లో ఎర్రదారం కట్టామంటే అది విత్తనానికి వదిలిన మొక్క. మా ఆవిడ దానిమీద మా నీడ కూడా పడనివ్వదు."

మామయ్య చేతిలో కత్తెర ఆగిపోయింది. కోసిన వంగ మొక్కల వైపు చూశాడు, వేలాడుతున్న తీగ వైపు చూశాడు. "మాస్టారూ," అన్నాడు నీరసంగా, "నేను మా అత్తగారిని చంపేశాను."

"ఆవిడ పోయి పదేళ్లయిందిగా?"

"ఇవాళ మళ్లీ."

మాస్టారు గోడ దూకి వచ్చాడు. ఈ వయసులో దూకడమేమిటని అడక్కండి, డ్రిల్లు మాస్టారు కదా. ఒక పక్క తోలు ఇంకా పట్టుకుని ఉంది కాబట్టి కలిపి కట్టేస్తే అతుక్కుంటుందని తేల్చాడు. కట్టడం ఎవరికైనా వచ్చు. కుట్టడం మామయ్యకు వచ్చు. సూది, గట్టి దారం తెచ్చుకుని, పందిరి కింద వెల్లకిలా పడుకుని, కళ్లద్దాలు ముక్కు చివరకు లాక్కుని మొదలుపెట్టాడు. మాస్టారు పక్కనే దూది, తెల్లగుడ్డ పట్టుకుని నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే పాలావిడ గేటు దగ్గరికి వచ్చింది. ఆవిడకు కనిపించినవి నేల మీద కదలకుండా చాచిన రెండు కాళ్లు, కట్టు గుడ్డతో మాస్టారు. వినిపించింది, "ఇంకో రెండు కుట్లే, ఓర్చుకో తల్లీ," అని మామయ్య తీగను బతిమాలడం. ఆవిడ అక్కడే క్యాను దించి అత్తయ్యకు ఫోను చేసింది.

"వదినా, అన్నయ్య పెరట్లో పడున్నాడు. మాస్టారు కట్టు కడుతున్నాడు. అన్నయ్య తల్లిని తలుచుకుంటున్నాడు. బయల్దేరు."

ఆ తర్వాత వీధి కుళాయి దగ్గరా ఇదే మాట చెప్పింది. పది నిమిషాల్లో ఆరుగురు మంచం మోసుకొచ్చారు. దించడానికి చదునుగా ఉన్న చోటు ఒక్కటే కనిపించింది. ఆకుకూర మడి.

మామయ్య లేచి నిలబడి, తనకేమీ కాలేదని చెప్పినా ఎవరూ నమ్మలేదు. "షాకులో ఉన్నాడు, పడుకోబెట్టండి," అన్నారు. పడుకోబెట్టారు. అత్తయ్య ఆటో దిగి పరుగున వచ్చేసరికి ఆయన మంచం మీద, నిక్షేపంగా, దోషిలా ఉన్నాడు.

"ఎక్కడండీ దెబ్బ?"

మామయ్య వేలెత్తి పందిరి చూపించాడు. "మీ అమ్మ," అన్నాడు. "ఎర్రదారం చూసి కోసేశాను. ఏడు కుట్లు వేశాను. క్షమించు."

అత్తయ్య వంగి కుట్లు చూసింది. మొగుణ్ని చూసింది. ఆవిడకు నవ్వు రావడానికి కొంత సేపు పట్టింది.

"మీ దుకాణంలో ఇరవై ఏళ్లు కాజాలు కుట్టాను. ఎర్రదారం ఎక్కడుంటే అక్కడ కత్తెర వేస్తారని నాకు తెలీదా? పీకేయాల్సినవాటికే కట్టాను. మా అమ్మది ఆ పక్క తీగ. ఇది చేదు చిక్కుడండీ. దీన్ని వదిలించుకోవాలని మూడేళ్లుగా చూస్తున్నాను."

అందరూ మాస్టారి వైపు తిరిగారు. మాస్టారు అప్పటికే గోడకు అవతల ఉన్నాడు.

"ఇప్పుడే పీకేస్తాను," అని లేచాడు మామయ్య.

"ఉంచండి. అంత ప్రేమగా కుట్టారు. కుట్టినవాళ్లే తినాలి," అని, మంచం కోళ్ల కింద మడిని చూసుకుంటూ లోపలికి వెళ్లింది అత్తయ్య.

వాళ్ల అమ్మ చిక్కుడు కాయలు చక్కగా ఎండి సీసాడు గింజలిచ్చాయి. కుట్లు వేసిన తీగ వాడిపోతుందనే అనుకున్నారు. కానీ మామయ్య వేసిన కుట్టు నలభై ఏళ్లలో ఒక్కటీ ఊడలేదు. ఇదీ ఊడలేదు. పదో రోజుకు చిగురేసింది, ఆ ఏడంతా విరగకాసింది.

ఇది మరిచిపోకండర్రా, రేపు మీ పిల్లలకూ చెప్పండి. చెప్పేటప్పుడు కుట్లు ఏడని చెప్పండి, ఆ రోజు తనే ఏడని ఒప్పుకున్నా, మామయ్య ఇప్పుడు సిగ్గుకొద్దీ అయిదే అంటాడు.