దివాకరం అభిమానులూ, రాగమ్మ నాలుగో గుడ్డూ

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న టీవీ ఉండేది. అది ఎలుగుబంటి భీమలింగం గుహలో ఉండేది కాబట్టి భీమలింగం అడవి అంతటికీ పెద్దమనిషి అయ్యాడు. టీవీ రాకముందు ఆయన ఎదురుపడితే అందరూ పక్కదారి పట్టేవారు.

ముప్పయ్యేళ్ళ కిందట ఆ టీవీలో ఆదివారం పొద్దున్నే 'దివాకరం దర్యాప్తు' అనే సీరియల్ వచ్చేది. దివాకరం ఒక దేవాంగపిల్లి. చారెడేసి కళ్ళు, మెడలో గళ్ళ మఫ్లరు, చేతిలో భూతద్దం. ఎంత చిక్కు కేసైనా సరే, చివర్లో ఆ కళ్ళు గట్టిగా మూసుకుని కాసేపు ఆలోచించేవాడు. తర్వాత కళ్ళు తెరిచి, దొంగ ఈ గదిలోనే ఉన్నాడని చెప్పేవాడు. అడవి మొత్తం ఊపిరి బిగబట్టి చూసేది.

పదమూడు ఎపిసోడ్లు వచ్చి సీరియల్ ఆగిపోయింది. అభిమానులు మాత్రం ఆగలేదు. సంఘం పెట్టుకున్నారు. భీమలింగం అధ్యక్షుడు. కార్యదర్శి ఉడుము సాంబశివం. ఆ పదవిని ఆయన ఎలా పట్టుకున్నాడో ఆయన జాతి పేరు చెబితే చాలు, వేరే చెప్పనక్కర్లేదు. ప్రతి ఆదివారం పాత వీడియో క్యాసెట్ ఒకటి వేసుకుని ఒక ఎపిసోడ్ చూస్తారు, చర్చిస్తారు. పదమూడు అయిపోతే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఇప్పటికి ఒక్కొక్కటి నూరుసార్లకు పైనే చూసి ఉంటారు.

ఇన్నిసార్లు చూశాక చర్చించడానికి ఏముంటుందని మనబోటి వాళ్ళకి అనిపిస్తుంది. అభిమానం సంగతి మనకి తెలియక అలా అనిపిస్తుంది. ఏడో ఎపిసోడ్‌లో దివాకరం టీ తాగకుండానే కప్పు ఖాళీ అవుతుంది. అది తీసినవాళ్ళ పొరపాటా, లేక దివాకరం మనకోసం వదిలిన ఆధారమా అనే విషయంలో సంఘం రెండుగా చీలిపోయింది. కుందేళ్ళు ఒక వర్గం, జింకలు ఒక వర్గం. రెండేళ్ళపాటు ఒకే వాగులో నీళ్ళు తాగుతూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చివరికి ముళ్ళపంది కోదండపాణి కలగజేసుకుని, కప్పు ఖాళీ కావడమే కళ అని తేల్చి ఇద్దరినీ ఊరుకోబెట్టాడు. కోదండపాణి సంఘానికి విమర్శకుడు. ఆయన మాట ఎవరికీ అర్థం కాదు కాబట్టి ఎవరూ కాదనరు.

ఇంకొకడు ఉన్నాడు. కొండముచ్చు సింగన్న. సంఘం పుట్టకముందు నుంచీ సీరియల్‌కి సేవ చేసినవాడు. ఆ రోజుల్లో బొమ్మ సరిగా వచ్చేది కాదు. గుహ పక్కనున్న మద్దిచెట్టు చిటారుకొమ్మన సింగన్న ఏరియల్ పట్టుకుని తిప్పేవాడు. "వచ్చిందా?" అని పైనుంచి అడిగేవాడు. రాలేదని కిందినుంచి అరిచేవారు. ఇంకొంచెం తిప్పేవాడు. "ఆఁ, వచ్చింది, అలాగే ఉండు, కదలకు" అనేవారు.

సింగన్న కదలలేదు. పదమూడు ఎపిసోడ్లూ చెట్టు మీదే గడిచాయి. ఒక్కటీ చూడలేదు.

ఇప్పుడు వేస్తున్నది క్యాసెట్. క్యాసెట్‌కి ఏరియల్ అక్కర్లేదని అందరికీ తెలుసు. అయినా చెట్టు మీద సింగన్న ఉంటేనే పాతరోజుల కళ వస్తుందని సంఘం తీర్మానం చేసింది. సింగన్నకి కూడా అదే ఇష్టం. తను చెయ్యి వదిలేస్తే బొమ్మ పోతుందని ఇప్పటికీ లోపల ఎక్కడో నమ్మకం.

సంఘానికి నియమాలు చాలా ఉన్నాయి కానీ ప్రాణం లాంటిది నాలుగో నియమం. దొంగ ఎవరో చర్చ పూర్తయ్యేదాకా ఎవరూ బయటపెట్టకూడదు. ఎప్పుడైనా కొత్త సభ్యుడు చేరితే పాపం అతని సరదా పాడైపోతుంది కదా. ముప్పయ్యేళ్ళలో కొత్త సభ్యుడు ఒక్కడూ చేరలేదు. అయినా నియమం నియమమే. ఎవరైనా పొరపాటున నోరు జారబోతే మిగతావాళ్ళు వెంటనే చెవులు మూసుకోవాలి. అది అందరికీ ఎంత అలవాటైపోయిందంటే, ఎవరైనా 'దొంగ' అనగానే చేతులు వాటంతట అవే చెవుల మీదికి పోతాయి.

ఈ వేసవిలో కార్యదర్శి సాంబశివం ఇంకో ఆచారం పెట్టాడు. చివరి ఘట్టానికి ముందు క్యాసెట్ ఆపి, అందరూ దివాకరంలాగే కళ్ళు మూసుకుని ఆలోచించాలి. అధ్యక్షుడు గుర్రుమన్నాకే తెరవాలి. ఇంత గొప్ప ఆలోచన మనకి ముందే ఎందుకు రాలేదని సభ్యులు ముచ్చటపడ్డారు. అధ్యక్షుడికి ఒక్కోసారి ఆ ఆలోచనలోనే నిద్రపట్టేది. అప్పుడు విరామం ఇంకాస్త సాగేది.

అది మొదలైన మూడు ఆదివారాలు గడిచి నాలుగోది వచ్చింది. ఆవేళ వెయ్యాల్సింది తొమ్మిదో ఎపిసోడ్, పేరు 'గుడ్డు గల్లంతు'. అందరూ సర్దుకుని కూర్చుంటుండగా అడవికోడి రాగమ్మ గుహలోకి వచ్చింది. రెక్క కింద మోదుగాకు దొప్ప, దొప్పలో ఒక గుడ్డు.

రాగమ్మ సభ్యురాలు కాదు. ఆమెకి టీవీ చూసే తీరిక ఎప్పుడూ లేదు. ఈ ఏడు నాలుగు గుడ్లు పెట్టి పొదుగుతోంది. వారమంతా గూడు వదలదు. ఆదివారం పొద్దున మాత్రం కాస్త మేతకీ నీళ్ళకీ వాగు దాకా పోయి వస్తుంది. ఎందుకంటే ఆ వేళకి కోరలున్నవాళ్ళందరూ గుహలోనే ఉంటారు. వారం మొత్తంలో అడవికి అంతకన్నా భద్రమైన వేళ లేదనుకుంది. సరిగ్గా ఆ వేళకే మూడు ఆదివారాల్లో మూడు గుడ్లు పోయాయి. ఇది నాలుగోది. లోపల పిల్ల కదులుతోంది, ఇవాళో రేపో పగులుతుంది. ఇది కూడా పోతే తను బతికి ఏం లాభమని ఆమెకి వారం రోజులుగా కంటి మీద కునుకు లేదు.

"అయ్యా, మీరందరూ దర్యాప్తు చెయ్యడంలో చేయి తిరిగినవాళ్ళట" అంది రాగమ్మ. "నా పిల్లని దక్కించండి."

ఇంత మాట ముప్పయ్యేళ్ళలో ఆ సంఘాన్ని ఎవరూ అనలేదు. భీమలింగం నిటారుగా కూర్చున్నాడు. మఫ్లరు సవరించుకున్నాడు. అవును, అధ్యక్షుడికి మఫ్లరు ఉంది, అంత బొచ్చు మీద.

రాగమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. వినేకొద్దీ సభ్యుల కళ్ళు మెరిశాయి. జాలితో మాత్రం కాదు. ఇది అచ్చం తొమ్మిదో ఎపిసోడే అని కుందేళ్ళు గుసగుసలాడుకున్నాయి. అందులో బాతు, ఇందులో కోడి, అంతే తేడా అన్నాయి జింకలు. ఒక్క విషయంలో రెండు వర్గాలూ ఏకమవడం అదే మొదటిసారి.

తొమ్మిదో ఎపిసోడ్ చివర్లో గుడ్లు దాచింది ఆ బాతే అని తేలుతుంది. నలుగురూ అయ్యో అనాలని తనే దాచి, తనే ఏడుస్తుంది. ఈ సంగతి గుహలో అందరికీ తెలుసు. నాలుగో నియమం ఉంది కాబట్టి ఎవరూ పైకి అనలేదు. ఊరికే రాగమ్మ వంక చూశారు. ఏం తప్పు చేశానో తెలియక రాగమ్మ దొప్పని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

కోదండపాణి ముళ్ళు సవరించుకుని లేచాడు. గుడ్లు పోయిన వేళకి సభ్యులందరూ గుహలోనే ఉన్నారు కాబట్టి సభ్యుల్లో ఎవరూ దోషులు కారని రుజువైపోయిందన్నాడు. ఇక ఈ గుహలో సభ్యులు కానిది ఎవరో సభవారే ఆలోచించుకోవాలన్నాడు. సభవారు తలలూపారు. ఆ వేళకి తామందరూ కళ్ళు మూసుకుని కూర్చున్నామన్నది ఒక్కరికీ గుర్తు రాలేదు.

సాంబశివం నెమ్మదిగా మెడ చాచాడు. ఎపిసోడ్‌లో దివాకరం చివరి గుడ్డుని ఏం చేశాడో అధ్యక్షులవారికి గుర్తు చేశాడు. తీసుకెళ్ళి నమ్మకస్తుడి దగ్గర భద్రపరిచాడు. సంఘంలో కార్యదర్శికన్నా నమ్మకస్తుడు ఎవరుంటారని వినయంగా అడిగాడు. ఆయన మనసులో లెక్క సాఫుగా ఉంది. కళ్ళు తెరిచేసరికి గుడ్డు ఉండదు. కోడే తీసిందని అంటాడు. ఎపిసోడ్ చూసినవాళ్ళెవరూ కాదనరు. పైగా ఈసారి పొద దాకా పాక్కుంటూ పోయే శ్రమ కూడా లేదు.

"ఇవ్వమ్మా" అన్నాడు భీమలింగం. "దర్యాప్తు అన్నాక ఒక పద్ధతి ఉంటుంది."

రాగమ్మకి ఇవ్వాలని లేదు. కానీ ఇంతమంది చదువుకున్నట్టు మాట్లాడుతుంటే కాదనే ధైర్యం చాలలేదు. దొప్పని సాంబశివం ముందు పెట్టి, పక్కనే కూలబడింది.

ఇదంతా పైనుంచి సింగన్న వింటున్నాడు. ఆయన ఎపిసోడ్ చూడలేదు కాబట్టి ఆయనకి బాతు సంగతి తెలియదు. అందుకే ఆయన బుర్ర మామూలుగా పనిచేసింది. కింద అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు చెట్టు మీద ఆయన మూసుకోడు. మూసుకుంటే పడతాడు. మూడు ఆదివారాలూ సాంబశివం గుహలోంచి జారుకుని వాగు పక్క పొదలోకి పోవడం, మూతి తుడుచుకుంటూ తిరిగి రావడం చూశాడు. ఏదో కాలకృత్యాల అవసరం అనుకుని మర్యాదకి మొహం తిప్పుకున్నాడు. ఆ పొదలో రాగమ్మ గూడు ఉందని ఇప్పుడే తెలిసింది.

కింద క్యాసెట్ వేసి, చివరి ఘట్టానికి ముందు ఆపారు. కళ్ళు మూసుకోండని భీమలింగం ప్రకటించాడు. సరిగ్గా అప్పుడే పైనుంచి సింగన్న గొంతు వినిపించింది.

"అయ్యా, ఆలోచించక్కర్లేదు. దొంగ ఎవరో నాకు తెలుసు."

గుహలో టక్కున చెవులు మూతపడ్డాయి. కుందేళ్ళకి చెవులు పెద్దవి కాబట్టి ఒకరివి ఒకరు మూసుకున్నారు. "నాలుగో నియమం" అని అందరికన్నా గట్టిగా అరిచింది సాంబశివమే. అరిచి, ఆయన కూడా కళ్ళూ చెవులూ బిగించాడు. అందరూ నిజంగా కళ్ళు మూసుకునేదాకా తనూ మూసుకుని, మనసులో నూరు లెక్కపెట్టి కదలడం ఆయన అలవాటు. చెప్పేవాడు ఎంత అరిచినా వినేవాడు లేనప్పుడు భయం దేనికి అనుకుని లెక్క మొదలుపెట్టాడు.

సింగన్న చెప్పాల్సింది చెప్పేశాడు. సంఘంలో ఒక్కరూ వినలేదు. సభ్యత్వం లేని రాగమ్మ ఒక్కతే వింది.

ఆమె కొయ్యబారిపోయి పక్కకి చూసింది. జానెడు దూరంలో సాంబశివం, ఆయన ముందు దొప్ప. అరుద్దామంటే వినేవాళ్ళు లేరు. చూపిద్దామంటే చూసేవాళ్ళు లేరు. తీసుకుపోదామంటే ఆయన కళ్ళు నిజంగా మూసుకున్నాడో లేదో తెలియదు. గుహ వాకిట్లోంచి పైకి, సింగన్న వైపు చూసింది. సింగన్న ఆ చూపు చూశాడు. తన చేతిలోని ఏరియల్ వంక ఒకసారి చూసుకున్నాడు.

ముప్పయ్యేళ్ళలో మొదటిసారి దాన్ని వదిలేశాడు.

చెట్టు దిగి, వాగు ఒడ్డున గుండ్రటి తెల్లరాయి ఒకటి ఏరుకుని, చప్పుడు చెయ్యకుండా గుహలోకి వచ్చాడు. దారిలో టీవీ వైపు చూశాడు. ఆగిన బొమ్మలో దివాకరం కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇతన్నేనా ఇన్నాళ్ళూ మోసింది అనుకున్నాడు. దొప్పలోంచి గుడ్డు తీసి రాయి పెట్టాడు. గుడ్డు గోరువెచ్చగా ఉంది. దాన్ని ఒక చేత్తో గుండెకి ఆనించుకుని, రెండో చేత్తో రాగమ్మని లెమ్మని సైగ చేశాడు. ఇద్దరూ బయటపడ్డారు.

అప్పటికి సాంబశివం తొంభై ఏడు దగ్గర ఉన్నాడు.

ఉడుములు గుడ్డుని కొరికి తినవు, అమాంతం మింగుతాయి. నూరు పూర్తవగానే సాంబశివం కళ్ళు తెరవకుండానే మెడ చాచి మింగేశాడు.

కాసేపటికి, మూసిన చెవులకి కూడా వినబడేలా, భీమలింగం గుర్రుమన్నాడు. అందరూ కళ్ళు తెరిచారు. దొప్ప ఖాళీ. కోడి లేదు. కార్యదర్శి గొంతులో మాత్రం ఒక ఉండ నిలబడి ఉంది. కళ్ళు దివాకరం కళ్ళంత అయ్యాయి. ఆ ఉండ పైకీ రాదు, కిందికీ దిగదు. ఏదో చెప్పబోయాడు, మాట పెగల్లేదు.

గొంతులో ఉండని అందరూ చూశారు. ఖాళీ దొప్పని చూశారు. మళ్ళీ ఉండని చూశారు. ఒక చిన్న కుందేలు నోరు తెరవబోయి, ఎపిసోడ్‌లో అలా లేదని గుర్తొచ్చి మానేసింది.

కోదండపాణి లేచి గొంతు సవరించుకున్నాడు. ఒక్క పదకొండో ఎపిసోడ్ చివర్లో మాత్రం దివాకరం ఏమీ మాట్లాడడు. మౌనంగా ఉండిపోతాడు. నిజం తెలిసినవాడి మౌనం అది. కార్యదర్శి గారు ఇప్పుడు అదే చేస్తున్నారని వివరించాడు. చప్పట్లు మోగాయి. సాంబశివం కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఎంత వినయం అని జింకలు కూడా కళ్ళు తుడుచుకున్నాయి.

తీర్మానం ఏకగ్రీవంగా జరిగింది. గుడ్లు దాచింది కోడే, పారిపోవడమే అందుకు సాక్ష్యం. కార్యదర్శికి సన్మానం. చర్చ పూర్తికాకుండానే దొంగ పేరు బయటపెట్టినందుకు సింగన్నకి శాశ్వత బహిష్కారం. ఆయన ఏ పేరు బయటపెట్టాడని ఒక్కరూ అడగలేదు.

ఆ రాయి సాంబశివం గొంతు దాటి కిందికి దిగడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆయన అధ్యక్షుడి పక్కనే మౌనంగా కూర్చుని, అడవి మొత్తంలో లోతైన ఆలోచనాపరుడనిపించుకున్నాడు.

వాగుకి అవతల, మనుషులు అటవీశాఖ బోర్డు పాతి మరిచిపోయిన చోట, రాగమ్మ కొత్త గూడు కట్టుకుంది. మర్నాడే గుడ్డు పగిలింది. పిల్ల తడి రెక్కలతో బయటికి వచ్చి కళ్ళు తెరవగానే ముందు కనిపించింది సింగన్న మొహం. ఆదివారాలు రాగమ్మ మేతకి పోయినప్పుడు ఆయనే గూటి పక్కన కూర్చుంటాడు. చేతులు ఖాళీగా ఉండటం ఆయనకి ఇంకా అలవాటు కాలేదు. అందుకని పిల్లని ఎత్తుకుని కూర్చుంటాడు.

గుహలో చర్చలు నడుస్తూనే ఉన్నాయి. అదే క్యాసెట్, అదే టీవీ. కాకపోతే చెట్టు మీద సింగన్న లేకపోయేసరికి బొమ్మ మునుపటంత బాగా రావడం లేదని అందరూ ఒప్పుకున్నారు.

నీతి: గుడ్లు మింగినవాణ్ణి అడవి ఎప్పటికైనా మన్నిస్తుంది, ముగింపు ముందే చెప్పినవాణ్ణి మాత్రం మన్నించదు.