పదకొండు సెకన్ల సవరణ

ఆ రోజుకు మాస్టారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కాఫీ తాగడం, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, సాయంత్రం నాలుగింటికి ప్రివ్యూ హాల్లో వెనక వరసలో కూర్చుని తన సంగీతం తానే వినడం. అంతకుమించి వేలు కూడా కదపకూడదని గట్టిగా అనుకున్నాడు. ఆ మాట మీద నిలబడి ఉంటే ఈ కథ లేదు.

మాస్టారు సీరియళ్ళకు సంగీతం కట్టే మనిషి. పదిహేనేళ్ళుగా ఒకే ఒక్క కీబోర్డు ముందు కూర్చుని అత్తాకోడళ్ళ చూపులకు ఉరుములు సరఫరా చేశాడు. అత్త కనుబొమ్మ ఎత్తితే ఒక ఉరుము, కోడలు ఎత్తితే రెండు. ఇన్నాళ్ళకు ఒక మంచి సీరియల్ దొరికింది. ఎనభై ఏళ్ళ కిందటి ఓ పెద్ద హోటల్, మేడ మీద మంచం పట్టిన యజమాని, కింద డాన్సు హాల్లో తైతక్కలాడే కొడుకు. మేడ మీది దుఃఖానికి ముప్ఫై మంది వయొలిన్లు, సెల్లోలు వాయించారు. కింది హాలుకు పదిమంది జాజ్ బ్యాండు. అందులో శాక్సఫోన్ పెద్దాయన పన్నెండేళ్ళ తర్వాత వాద్యాన్ని పెట్టెలోంచి బయటికి తీశాడు. నలభై మంది ఒక్కసారిగా మొదలుపెట్టినప్పుడు మాస్టారికి కళ్ళనీళ్ళు ఆగలేదు. అయితే తొలి భాగం చూసి ఛానెల్ మేడమ్ సరేనంటేనే మిగతా ఇరవై ఐదు భాగాలకూ ఆ నలభై మంది ఉంటారు. కాదంటే మళ్ళీ కీబోర్డే గతి.

సంగీతాన్ని బొమ్మకు సెకన్ల లెక్కన కుట్టాలి. అందుకే దర్శకుడు నెల కిందటే గుండె మీద చెయ్యి వేసుకుని, "మాస్టారూ, ఇక ఒక్క ఫ్రేమ్ కూడా కదలదు. నాది పూచీ" అన్నాడు. ఈ దర్శకుడి మాట నీటి మీద రాత. అది తెలిసి కూడా మాస్టారు నమ్మాడు. నమ్మకపోతే ఈ పరిశ్రమలో ఏ పనీ మొదలవదు.

ఆ ఉదయం తొమ్మిదింటికి ఆఖరిసారి చూసుకుంటూ దర్శకుడు కెవ్వుమన్నాడు. తొలి దృశ్యంలోనే, ఎనభై ఏళ్ళ కిందటి హోటల్ మెట్ల పక్కన ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీ. నెల రోజులుగా అది అక్కడే ఉంది. యాభై మంది చూశారు. షూటింగు నాడు దర్శకుడే దాని మీద కూర్చున్నాడు. ఇప్పుడు మాత్రం ఎడిటర్ మీద ఎగిరిపడి ఆ ముక్క తీయించేశాడు. సరిగ్గా పదకొండు సెకన్లు.

బొమ్మ పదకొండు సెకన్లు తగ్గితే సంగీతాన్నీ పదకొండు సెకన్లు ముందుకు జరపాలి. ఒక్కసారి, ఒక్కరు చేస్తే చాలు. ఎడిటర్ బుద్ధిమంతుడు కాబట్టి ఎవరూ అడగకుండానే చేశాడు. శబ్దాలన్నీ కలిపే మిక్సింగ్ గది నుంచి ఏ సంగీతం వచ్చినా పదకొండు సెకన్లు ముందే అతుక్కునేలా తన యంత్రంలో ఏర్పాటు చేసి, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే పని పెరుగుతుందని అతని భయం.

దర్శకుడికి ఎడిటర్ మీద నమ్మకం లేదు. అందుకని మిక్సింగ్ ఇంజనీరుకు ఫోన్ చేసి, "సంగీతాన్ని పదకొండు సెకన్లు ముందుకు జరిపెయ్" అన్నాడు. ఆ ఇంజనీరు మీదా నమ్మకం లేదు గనుక మాస్టారి చెవిన కూడా ఓ మాట వేద్దామని ఇంటికి చేశాడు. మాస్టారు స్నానాల గదిలో ఉంటే ఆయన భార్య ఫోన్ ఎత్తి, విన్నది విన్నట్టు చెప్పింది.

"పదకొండు సెకన్లు కోశారటండీ. మిక్సింగ్ గదిలో వాళ్ళే చూసుకుంటారట. మిమ్మల్ని కంగారు పడొద్దన్నారు."

"వాళ్ళే చూసుకుంటారా! నా కొంప మునిగింది."

"చూసుకుంటామంటే మునగడమేంటండీ?"

"నీకు తెలీదు. ఆ ఇంజనీరుకి వయొలిన్‌కీ దోమకీ తేడా తెలీదు."

"పోనీ ఒకసారి ఫోన్ చేసి అడగండి, జరిపారో లేదో."

"వాళ్ళని అడిగేదేంటి? నేనే చేసి పడేస్తాను."

తల తుడుచుకోకుండానే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సంగీతం మొదట్లో ఉన్న నిశ్శబ్దంలోంచి పదకొండు సెకన్లు కోసి, "పాతది తీసేసి ఇదే వాడండి" అని రాసి ఇంజనీరుకు పంపేశాడు. ఎందుకు కోశాడో మాత్రం రాయలేదు. మూర్ఖులకు కారణాలు చెప్పకూడదని ఆయన సిద్ధాంతం.

ఇంజనీరు చెవులతో చెయ్యాల్సిన ఉద్యోగాన్ని కళ్ళతో నెట్టుకొస్తున్న మనిషి. పాతది తీసి కొత్తది పెట్టాడు. దర్శకుడు చెప్పాడు కాబట్టి దాన్ని పదకొండు సెకన్లు ముందుకు జరిపాడు. వినకుండానే ఎడిటర్‌కు పంపించి భోజనానికి వెళ్ళాడు. ఎడిటర్ యంత్రం తన వంతు పదకొండు తాను కలుపుకుంది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు గానీ, ఇక్కడ మంది కూడా అక్కర్లేకపోయింది, ముగ్గురే సరిపోయారు. నలభై మంది సంగీతం కథకన్నా ఇరవై రెండు సెకన్లు ముందు పరుగెత్తడం మొదలుపెట్టింది.

నాలుగింటికి హాల్లో దీపాలు ఆర్పారు. ముందు వరసలో ఛానెల్ మేడమ్. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు.

తెర మీద యజమాని నిక్షేపంగా గడ్డం గీయించుకుంటున్నాడు. ముప్ఫై మంది వయొలిన్లు భోరుమన్నాయి. మాస్టారు కుర్చీ చేతులు పట్టుకున్నాడు. కాసేపటికి యజమాని మంచం మీద వాలి, కూతురి చెయ్యి పట్టుకుని చివరి మాట చెప్పబోయాడు. శాక్సఫోన్ పకపకా నవ్వింది. ఆయన ప్రాణం పోతుండగా జాజ్ బ్యాండు మొత్తం గంతులేసింది. ఆ తర్వాత డాన్సు హాలు వచ్చింది. తెర మీద బుగ్గలు పగిలేలా ట్రంపెట్ ఊదుతున్నారు, వాళ్ళ పాట మేడ మీదే అయిపోయింది కాబట్టి చప్పుడు లేదు. ఇరవై జంటలు బూట్ల టకటకకే తిరుగుతున్నాయి.

చీకట్లో మాస్టారు ఎడిటర్ మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏం చేశావయ్యా?"

"పదకొండు జరిపాను సార్."

"నువ్వెందుకు జరిపావు? నేను జరిపానుగా!"

అవతలి కుర్చీలోంచి ఇంజనీరు తల దూర్చాడు. "మరి నన్ను కూడా జరపమన్నారు కదా సార్?"

మాస్టారికి అప్పుడు లెక్క తేలింది. పదిహేనేళ్ళు ఎదురుచూసినదాన్ని తన చేత్తో తానే పాడుచేసుకున్నాడు.

దీపాలు వెలిగాయి. మేడమ్ వెనక్కి తిరగకుండానే అడిగింది. "ఆ సంగీతం ఆలోచన ఎవరిది?"

దర్శకుడు తడుముకోలేదు. "మాకు సంబంధం లేదు మేడమ్. సంగీతం పూర్తిగా మాస్టారి బాధ్యత."

"అద్భుతం" అందామె, కళ్ళు తుడుచుకుంటూ.

"అయినా ఆలోచన నాదే మేడమ్" అన్నాడు దర్శకుడు.

"మనుషులకు తెలియకముందే సంగీతానికి తెలిసిపోయింది. తండ్రి పోతుంటే కొడుకు ఆట పైకి వినిపించింది. కొడుకు ఆడుతుంటే చావు నిశ్శబ్దం కిందికి దిగింది. నాకు ఒళ్ళు జలదరించింది. అన్ని భాగాలూ ఇలాగే ఉండాలి."

"మొదటి నుంచీ మాస్టారి చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నాను మేడమ్."

మాస్టారు నిజం చెప్పేద్దామని లేచాడు. నలభై మంది గుర్తొచ్చారు. నోరు మూసుకుని కూర్చున్నాడు. ఆ రోజు మొత్తం మీద ఒకరి మేలు కోరి ఎవరైనా చేసిన పని అదొక్కటే.

మేడమ్ సంచి సర్దుకుంటూ అంది. "అయితే మాస్టారూ, ఇందులో గొప్పంతా ఎప్పుడు వాయించారన్న దాంట్లో ఉంది. ఎవరు వాయించారన్నది ఎవరికి కావాలి? అంతమంది దండగ. ఇక మీదట కీబోర్డు మీద చేసెయ్యండి."

మాస్టారు లేచిన తీరుకు కుర్చీ వెనక్కి పడింది. "మేడమ్! అదంతా పొరపాటు మేడమ్! ఒక్కసారి జరపాల్సింది ముగ్గురం మూడుసార్లు జరిపాం! సరిగ్గా పెట్టి వినిపిస్తాను, పది నిమిషాలు ఆగండి!"

ఆవిడ మొట్టమొదటిసారి నవ్వింది. "పెద్ద కళాకారులంతా ఇలాగే పొరపాటున జరిగిందంటారు."

"కావాలంటే వీణ్ణి అడగండి!"

ఎడిటర్ అందరి ముఖాలూ చూశాడు. ఏ ముఖం తనకు జీతమిస్తుందో లెక్క వేసుకున్నాడు. "సార్‌ది ఎప్పుడూ అంతే మేడమ్. వినయం."

బయట వరండాలో శాక్సఫోన్ పెద్దాయన ఒళ్ళో పెట్టె పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. మాస్టారిని చూడగానే లేచి నిలబడ్డాడు. "ఏమన్నారు సార్? నచ్చిందా?"

"చాలా బాగుందన్నారు."

"హమ్మయ్య! మరి మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?"

"అంత బాగున్నప్పుడు ఇక మనమెందుకన్నారు."