బెల్లం పూసిన కిరణాల తుపాకి

మీరు నమ్మినా నమ్మకపోయినా, దంతాలపల్లి నుంచి అంతరిక్షానికి దారి వంటింట్లోంచే. ఆ దారి కనిపెట్టినవాడు మోటార్ వైండింగ్ షాపు యుగేందర్. ఊళ్ళో అందరికీ రాకెట్ యుగేందర్. మోటారుకి తీగ చుడుతూ చుడుతూ, రేకుల చిల్లులోంచి ఆకాశంలోకి వెళ్ళిపోతాడు. మోటారు తెచ్చిన రైతే భుజం తట్టి కిందికి దింపుకోవాలి.

చిన్నప్పుడు మానుకోట టాకీసులో చూసిన ఏదో అంతరిక్షం సినిమాలో హీరో చేతిలో కిరణాల తుపాకి ఉండేది. అచ్చం అలాంటిది తన చేత్తో చెయ్యాలని అప్పటి కల. ఇన్నాళ్ళకు అదే మానుకోటలో, సినిమాల్లో కనబడే అలాంటి వస్తువులు చేత్తో చేసి తెచ్చే పోటీ పెట్టారు. మైకులో ఒక్కసారి తన పేరు వినబడితే చాలు, జన్మ కక్ష్యలో పడినట్టే!

ముడిసరుకంతా భార్య రజిత వంటగదిలోనే ఉంది. పుట్టింటివాళ్ళు చుక్కలు చుక్కలుగా ఆమె పేరు కొట్టించి పెళ్ళికిచ్చిన స్టీలు చెంబు తుపాకికి పొట్టయింది. చాయ్ జాలి దాని మూతి అయింది. కుక్కరు పిడి మాత్రం పిడిగానే మిగిలింది. మొత్తానికి గిన్నెలు కలిసి గన్నయ్యాయి.

"ఏమయ్యా, నా చెంబు యాడవోయింది?"

"కోతులు ఎత్తుకపోయినయే."

"చాయ్ జాలి?"

"గదే కోతి. చెంబు దొరికినంక చాయ్ తాగబుద్ధయినట్టుంది."

"కుక్కరు పిడి గూడనా?"

"పెద్ద సంసారమున్నట్టుందే దానికి!"

ఊళ్ళో కోతులకు కరువు లేదు కనుక యుగేందర్ కోతలకూ కరువు లేదు.

అసలు చిక్కు రంగు దగ్గర వచ్చింది. ఆకుపచ్చ రంగు వేస్తే తుపాకి నిన్న షోరూం నుంచి తెచ్చిన ఆటోలా నిగనిగలాడింది. గ్రహాలు తిరిగిన తుపాకి అలా ఉంటుందా? పొయ్యి పొగ పెట్టాడు, ఇటుక పొడి రుద్దాడు. అది పాతబడలేదు, మురికిపట్టింది.

చివరికి ఉపాయం తోచింది. ఆ రంగంతా గీకేసి, స్టీలు మీద బెల్లం పాకం పూసి, ఆరాక మళ్ళీ రంగు వెయ్యాలి. తర్వాత తడిగుడ్డతో రుద్దితే బెల్లం కరిగి, రంగు పెచ్చులూడి, లోపలి లోహం తొంగిచూస్తుంది. మూలమూలలా కాస్త తుప్పు రంగు అద్దితే సరి. తప్పుకి తుప్పే కప్పు! రజిత పేరున్నచోట మాత్రం గుర్తుపట్టకుండా పాకం రెండు పూతలు దట్టంగా పట్టించాడు. దాచాల్సినదానికే ఎక్కువ తీపి పూసిన మహానుభావుడు.

పోటీకి ముందురోజు, పాకం మీద రంగు వేసిన తుపాకిని డాబా మీద ఎండబెట్టి షాపుకి వెళ్ళాడు. సాయంత్రం ఇంటి సందు తిరిగేసరికి పక్కింటి బుచ్చవ్వ కట్టె పట్టుకుని అరుస్తోంది.

"ఓ యుగీ! నీ తుపాకి వట్టుకొని కోతి లడాయికి పోతాందిరో!"

డాబా మీది నీళ్ళ ట్యాంకుపై పెద్ద కోతి కూర్చుని ఉంది. ఒళ్ళో తుపాకి. వెనక కుంకుమ కలిపినట్టున్న ఆకాశం. అది తాపీగా నాకుతోంది, గోటితో గీకుతోంది, పంటితో కొరుకుతోంది. ఆకుపచ్చ పెచ్చులు గాలిలో తేలుతూ యుగేందర్ ముఖం మీద రాలుతున్నాయి. అతను తరమడం మరిచిపోయాడు. ఇదే కదా తన కల! పేరు తెలియని గ్రహం మీద, పేరు తెలియని వీరుడు...

"గట్ల నోరు దెరిచి చూస్తవేంది? నోట్లె రంగు వడ్తది!" అంది రజిత వెనకనుంచి, ఒక రాయి విసిరి.

కోతి తుపాకి వదిలి ఉడాయించింది. తుపాకి డాబా మెట్లన్నీ లెక్కపెట్టుకుంటూ దొర్లి, వచ్చి రజిత కాళ్ళ దగ్గర ఆగింది. వందేళ్ళ యుద్ధాలు చూసినట్టు అద్భుతంగా పాతబడింది. పొట్ట మధ్యలో రంగంతా పోయి, తళతళలాడుతూ చుక్కల అక్షరాలు: రజిత.

"ఏమయ్యా, కోతులు నా పేరు గూడ రాసినయా?"

యుగేందర్ ఆకాశంలోకి పారిపోదామని చూశాడు. కాని తుపాకి ఆమె చేతిలో ఉంది.

మర్నాడు పోటీకి ఆమె కూడా బయలుదేరింది. "నా చెంబు యాడికి వోతే గాడికి నేను."

న్యాయనిర్ణేత తుపాకిని తిప్పి తిప్పి చూశాడు. "ఎంత సహజమైన పాతతనం! ఎవరి పనితనం ఇది?"

యుగేందర్ ఛాతీ పొంగించేలోపే రజిత అంది: "కోతిది సార్."

ఆయన యుగేందర్ వైపు జాలిగా చూశాడు. "ఎంతైనా భర్త కదమ్మా, పదిమందిలో అట్ల అనొద్దు."

కాసేపటికి మైకు మోగింది. "మొదటి బహుమతి, తుపాకి మీద తన పేరు చెక్కుకున్న కళాకారిణి... రజిత!"

సగం లేచిన యుగేందర్, అలాగే వంగి చెప్పు సర్దుకున్నట్టు నటించి కూర్చున్నాడు. రజిత నిమ్మళంగా వెళ్ళి బహుమతి తీసుకుంది.

బండి మీద తిరిగొస్తూ గొణిగాడు. "నేనే చేసిన్నని మైకుల చెప్పొచ్చు గదనే?"

"చెప్పేదాన్నే. మరి చెంబు ఎట్లొచ్చిందని అడిగితే? కోతులు తెచ్చినయంటే నమ్ముతరా?"

బండి ఊరి దారి పట్టింది. పొద్దు కుంకి, చుక్కలు పొడిచి, మిరప చేల మీద చల్లగాలి లేచింది. వెనక సీట్లో రజిత తుపాకిని మెల్లగా ఆకాశానికి గురిపెట్టింది.

"ఏది, నీ సినిమాల హీరో ఏ చుక్క కాడికి పోయిండు?"

యుగేందర్ బండి ఆపి తల ఎత్తాడు. ఎంత వెతికినా హీరో చుక్క దొరకలేదు. ఆకాశమంతా చుక్కలు చుక్కలుగా ఎవరిదో పేరు కొట్టించినట్టే ఉంది. ఎవరి పేరో చెప్పనక్కర్లేదు.