తలుపు తెరిచే ఉంటుంది

ఆ ఆదివారం పొద్దున దర్మాజీ వేసుకున్న పథకం చాలా చిన్నది. గువ్వ పంజరాన్ని చూరుకు తగిలించాలి, తియ్యటి టీ పట్టుకుని వరండాలో కూర్చోవాలి, తన ఫొటో పడ్డ పత్రికను ఎదురింటి నార్యో కంటబడేలా బార్లా తెరిచి పట్టుకోవాలి. అంతే.

యోగ్యకర్తా చూడవచ్చే విదేశీయుల కోసం హోటళ్ళలో ఉచితంగా పెట్టే ఇంగ్లీషు పత్రిక అది. ఊరివాళ్ళ చిట్కాలు రాసే పేజీకి ఈసారి రైల్వేలో సిగ్నళ్ళు చూసే పని చేసి రిటైరైన దర్మాజీ దొరికాడు. పనసకాయ కూర తెల్లవారకముందే తినాలన్నాడు. ఇక్కడ దారి అడిగితే కుడి ఎడమలు చెప్పరు, ఉత్తరం దక్షిణం అంటారు, కాబట్టి ఊరికి ఉత్తరాన ఉన్న అగ్నిపర్వతం ఎటుందో ముందు చూసుకోమన్నాడు. ఇవన్నీ రాసుకున్న పత్రిక అమ్మాయి లేచి వెళుతుంటే, ఇక్కడ ఎవరైనా మర్యాదకు అనే మాటే తనూ అన్నాడు: "అందరినీ మా ఇంటికి రమ్మనండి, తలుపు తెరిచే ఉంటుంది." ఆ అమ్మాయిది వేరే దీవిలో ఉన్న మేడాన్. అక్కడివాళ్ళు రమ్మంటే రమ్మనే. మాటను అచ్చేసి, కింద చిరునామా కూడా వేసింది.

ఇక నార్యో సంగతి. చిన్ననాటి స్నేహితుడు. రెండేళ్ళ కిందట గువ్వల పాటల పోటీలో, "దీని గొంతుకు జలుబు చేసినట్టుందే!" అని నలుగురిలో నవ్వాడు. అప్పటినుంచి మాటల్లేవు. ఒక్క మాట తప్ప. ఒకరి గుమ్మం ముందునుంచి ఇంకొకరు వెళితే, "రండి, లోపలికి రండి" అనాలి. "అలాగే, అలాగే" అంటూ సాగిపోవాలి. అనకపోతే మర్యాద కాదు, నిజంగా లోపలికి వెళితే అసలే మర్యాద కాదు. నిజంగానే నార్యో ఇంట్లోకి వెళ్ళిపోదామని దర్మాజీకి ఎన్నిసార్లో అనిపించింది. వాడు లేక టీ కూడా చప్పగా ఉండేది. కానీ కాళ్ళు కదిలేవి కావు.

ఎనిమిదింటికి ఒక ఆస్ట్రేలియా జంట పత్రిక చేత్తో పట్టుకుని వచ్చింది. తర్వాత నలుగురు కొరియా అమ్మాయిలు. ఆ తర్వాత ఒక కుటుంబం, తాతతో సహా. అందరూ బుద్ధిగా గుమ్మం బయట చెప్పులు విడిచి, చాపల మీద కూర్చుని చిరునవ్వులు నవ్వుతున్నారు. దర్మాజీకి ఇంగ్లీషులో వచ్చిన ముక్కలు రెండే. అవి అయిపోగానే వెనక గదిలోకి జారుకుని, దుప్పటి నిండా కప్పుకున్నాడు.

"తలుపు తెరిచే ఉంటుందన్నారటగా! గోడలు కూడా తీయించండి, గాలి బాగా వస్తుంది!" అని భార్య వాగియెం గుమ్మంలోంచి మండిపడి, వంటింట్లోకి వెళ్ళి చిన్న ఉల్లిపాయలు కోయడం మొదలుపెట్టింది. కళ్ళ నీళ్ళు ధారలు కట్టాయి.

సరిగ్గా అప్పుడే నార్యో భార్య తుమినా తొంగిచూసింది. గుమ్మం నిండా చెప్పులు. పెళ్ళనుకుందామంటే పాట లేదు, పందిరి లేదు. వాగియెం కళ్ళ నిండా నీళ్ళు. "ఆయనేరీ?" అంటే, వాగియెం ముక్కు తుడుచుకుంటూ వెనక గదివైపు చెయ్యి చూపించింది.

అయ్యో! తుమినా ఇంకేమీ అడగలేదు. పోయారా అని అడగడం ఆ వీధిలో మర్యాద కాదు, నడుం బిగించి పనిలో దిగడమే మర్యాద. అరగంటలో పదిమంది ఆడవాళ్ళు ఎవరి కత్తి వాళ్ళు తెచ్చుకుని వంటింట్లో చేరారు. అతిథులకు వండిపెట్టడానికే వచ్చారనుకుంది వాగియెం. బియ్యం వచ్చింది, చక్కెర వచ్చింది, అద్దె కుర్చీలు వచ్చాయి. సందు మొదట్లో చావుకు గుర్తుగా తెల్లజెండా లేచింది. పిలవకుండానే ఇంతమంది సాయానికి రావడం చూసి కొరియా అమ్మాయిలు మురిసిపోయి, ఉల్లిపాయలు ఒలిచారు. వాళ్ళూ ఏడ్చారు.

నార్యో నల్లటోపీ పెట్టుకుని వచ్చాడు. ఎవరినీ చూడలేదు. తిన్నగా వెనక గదిలోకి వెళ్ళి, దుప్పటి కప్పిన ఆకారం పక్కన కూలబడ్డాడు.

"ఒరేయ్ దర్మాజీ, రెండేళ్ళు పాడుచేసుకున్నాం కదరా! నీ గువ్వ గొంతు బంగారంరా. నా దానికి బహుమతి రాదని తెలిసి కుళ్ళుకుని అన్నాను. ఆ ఒక్క ముక్కా నీతో చెప్పడానికి నోరు రాలేదురా."

దుప్పటి కింద దర్మాజీ ఊపిరి బిగబట్టాడు. లేవాలని తెలుసు. కానీ రెండేళ్ళుగా వినాలనుకున్న మాట. కళ్ళు చెమర్చాయి, ఆశా ఆగలేదు.

"గువ్వ గొంతు సంగతి ఇంకోసారి చెప్పరా."

నార్యో పెట్టిన కేకకు వీధంతా గదిలోకి వచ్చింది. "బతికే ఉన్నావా, దొంగసచ్చినోడా!" అని నార్యో తలగడతో బాదాడు. బాదుతూనే ఏడ్చాడు, ఏడుస్తూనే నవ్వాడు. వండిన అన్నాన్ని విదేశీయులూ వీధివాళ్ళూ కలిసి తిన్నారు. జెండాను ఎవరో మడిచి దాచారు.

భోజనాలయ్యాక నార్యో గుమ్మందాకా వెళ్ళి, సిగ్గుపడ్డాడు. మళ్ళీ పాత మర్యాదలోకి జారిపోయాడు. "సరే మరి, వస్తాను. మా ఇంటికి రండి."

"అలాగే, అలాగే" అనబోయి దర్మాజీ ఆగాడు. ఎవరెవరివో ఇరవై జతల చెప్పుల్లో తనవి వెతికి తొడుక్కున్నాడు. సందు దాటి, నార్యో వెనకాలే లోపలికి వెళ్ళి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

తుమినా తెచ్చిన టీ చప్పగా ఉంది, ఇంట్లో ఉన్న చక్కెరంతా పొద్దున్నే పోయినవారింటికి పంపేసిందట.