మూడు బొట్లు, ఐదు వాట్లు

గురువారం పొద్దున్న త్రినాధరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య వరహాలక్ష్మి ఎనిమిదింటికి నూకాలమ్మ గుడికి వెళుతుంది. బావమరిది బంగార్రాజు అప్పటికే బెల్లం మార్కెట్లో ఉంటాడు. ఇంట్లో ఎవరూ లేని ఆ గంటన్నరలో కొత్త గిటార్ యాంప్లిఫయర్‌కున్న మూడు నాబ్‌లూ తిప్పి, ముప్పై ఏళ్ళుగా తలలో మోగుతున్న శబ్దం ఎక్కడ దాక్కుందో పట్టుకోవాలి. అంతే. సొంత మనుషులున్న ఊళ్ళో ఒక మనిషి గంటన్నర ఒంటరిగా ఉండాలనుకోవడం ఎంత అత్యాశో యాభై మూడేళ్ళొచ్చినా అతనికి తెలియలేదు.

పెళ్ళికి ముందు త్రినాధరావు నానాజీ ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. పెళ్ళిచూపుల నాడు మామగారు కాఫీ చల్లారకముందే తేల్చేశారు. "గిటారు అటకెక్కితేనే పిల్ల పీటలెక్కుద్ది" అన్నారు. గిటార్ అటకెక్కింది. పిల్ల పీటలెక్కింది. త్రినాధరావు మామగారి బెల్లం కొట్లో కుదిరాడు. యజమానీ కాదు, గుమస్తా కాదు. 'అల్లుడుగారు' అనే ఉద్యోగం. అందులో పని ఎక్కువ, సెలవులు లేవు, పదవీ విరమణ అసలే లేదు. ఇరవయ్యారేళ్ళ కాపురంలో వరహాలక్ష్మి అతని చేతి పాట ఒక్కటీ వినలేదు.

కిందటేడు మామగారు పోయారు. మొన్న నానాజీ వచ్చాడు. "మామా, ఈ అమ్మవారి సంబరంతో ఆర్కెస్ట్రా మూసేత్తన్నాను. మోకాళ్ళు పోయేయి. శుక్రవారం సాయంత్రం నీకు ఒక పాట ఇత్తాను. ఒక్కటే. ఆపైన నువ్వెవరో, నేనెవరో" అన్నాడు. ఒక్క పాట, నాలుగు నిమిషాలు. మొదటి వరసలో వరహాలక్ష్మి కూర్చుని వినాలి. త్రినాధరావుకి ఈ జన్మలో మిగిలిన కోరిక అదొక్కటే.

అందుకే విశాఖపట్నం వెళ్ళి యాంప్లిఫయర్ కొన్నాడు. కొట్టువాడు నలభై రకాల శబ్దాలు చేసే పెట్టె ఒకటి చూపించి, ఇందులో వాన చప్పుడు కూడా ఉందన్నాడు. త్రినాధరావు వినలేదు. చిన్నప్పుడు వాల్వు రేడియో విన్న చెవులవి. గాజు వాల్వులు ఎర్రబడి, వేడెక్కి, అప్పుడు పాడే పాట వేరు. పైగా వాల్వు పెట్టెని దాదాపు చివరిదాకా పెంచితేనే గొంతు విప్పుతుంది. యాభై వాట్లదాన్ని అలా పెంచితే వీధిలో పెంకులు లేచిపోతాయి. ఐదు వాట్లదైతే పెంచినా మనుషులు బతికుంటారు. ఇంత ఆలోచించి, బియ్యం డబ్బా అంత పెట్టెను ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నాడు. తనకోసం అతను ఇంత ఆలోచించడం అదే మొదలు.

గురువారం వరహాలక్ష్మి వీధి మలుపు తిరిగింది. త్రినాధరావు పెట్టెకి ప్లగ్గు పెట్టి, వాల్వులు ఎర్రబడే దాకా ఆగి, మొదటి తీగ మీటాడు. సరిగ్గా అప్పుడే కళ్ళజోడు మరిచిపోయిన బంగార్రాజు లోపలికొచ్చాడు. కళ్ళజోడు వెతికి పెట్టుకుని, పెట్టెను పైకెత్తి, కింద రాసింది చదివాడు.

"బావా, ఐదు వాట్లని రాసుంది."

"అవును బావా. అదే కావాలని..."

"మన దొడ్లో బల్బు తొమ్మిది వాట్లు! నిన్ను నిలువునా ముంచేసేరు."

"వాల్వు పెట్టెలకి లెక్క వేరు బావా."

"తాదూర కంత లేదు, మెడకో డోలని ఊరికే అన్నారా? ఈ వయసులో నీకిదెందుకు సెప్పు. వేడి మాత్రం తగుల్తంది. ముసురు పట్టినప్పుడు బెల్లం దిమ్మ చెమ్మెక్కకుండా కొట్లో పెట్టుకుందాం" అని వెళ్ళిపోయాడు.

కళ్ళజోడుతోపాటు వార్త కూడా మార్కెట్‌కి చేరింది. త్రినాధరావు బల్బులో సగం పెట్టె కొని మోసపోయాడట! అనకాపల్లిలో మనిషి బాగుపడితే చూడ్డానికి రావడానికి తీరిక ఉండదు గానీ, మోసపోయాడంటే కొట్లు కట్టేసి మరీ వస్తారు. ముందుగా పక్కింటి దేముడమ్మ వచ్చి గుమ్మంలో చతికిలబడింది.

"మోసపోనావంట గదా బాబూ. బెంగెట్టుకోకు. మా అల్లుడు సెల్లు కొంటే పెట్టిలో సబ్బుబిళ్ళ వచ్చింది. నీకు పెట్టైనా వచ్చింది."

వెనకాలే బెల్లం దళారి పరదేశి, అతని వెనక ఇంకో అయిదుగురు వచ్చారు. చావింటికి వచ్చినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అక్కడితో ఆగినా బాగుండేది. బెల్లం మనుషులకి ఒక అలవాటుంది. కళ్ళతో చూసి దేన్నీ నమ్మరు. దిమ్మ కనిపిస్తే గిల్లాలి, నలపాలి, నాలిక మీద వేసుకోవాలి. పెట్టెను గిల్లడం కుదరదు కాబట్టి ఒక్కొక్కరూ ఒక్కో నాబ్ తిప్పి, తల అడ్డంగా ఊపి, "దగా" అని తీర్పు చెప్పి వెళ్ళారు. పన్నెండింటికి జనం పలచబడేసరికి త్రినాధరావు గంటన్నర నాలుగు గంటలయింది, ఒక్క పాటా కాలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బజారంతా కునుకు తీసింది, వరహాలక్ష్మి దేముడమ్మ ఇంటికి వెళ్ళింది. అప్పుడు తలుపు గడియ పెట్టి మళ్ళీ కూర్చున్నాడు. గెయిన్ నాబ్ పెంచితే శబ్దం బొంగురుపోతోంది, తగ్గిస్తే నీరుగారిపోతోంది. టోన్ ఇటు తిప్పితే ముక్కుతో పాడుతోంది, అటు తిప్పితే దుప్పటి కప్పుకుని పాడుతోంది. వెంట్రుకంత ఇటూ అటూ జరుపుతూ గంటసేపు వేగాడు. నాబ్‌లను గడియారం ముళ్ళనుకుంటే గెయిన్ రెండు దగ్గరా, టోన్ పది దగ్గరా, వాల్యూమ్ నాలుగున్నర దగ్గరా ఆగినప్పుడు తీగ మీటాడు. అదే! పాతికేళ్ళ వయసులో విన్న శబ్దమే. చివర కొంచెం జీర, లోపల తేనె. త్రినాధరావుకి ఏడుపొచ్చింది. చూసేవాళ్ళు లేరు కాబట్టి హాయిగా ఏడ్చాడు.

ఇక ఎవడొచ్చి తిప్పినా ఈ చోటు పోకూడదు. నల్ల రేకు మీద పెన్సిలు కనిపించలేదు, సుద్ద నిలవలేదు. దేవుడి గదిలోంచి కుంకుమ తెచ్చి, కొబ్బరినూనెలో కలిపి, ఒక్కో నాబ్ ఆగిన చోట ఒక్కో చుక్క పెట్టాడు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, ఒకటి కుడివైపు అడుగున. తర్వాత మూడు నాబ్‌లూ సున్నాకి తిప్పేసి, నిశ్చింతగా నిద్రపోయాడు.

సాయంత్రం వరహాలక్ష్మి గది తుడుస్తూ ఆ చుక్కలు చూసింది. చీపురు పక్కన పెట్టి నిలబడిపోయింది. దసరాకి కొట్లో కాటాకి బొట్టు పెట్టమంటే "మీ అన్నయ్య పెడతాడులే" అని తప్పించుకునే మనిషి, తనంతట తాను పెట్టెకి మూడు బొట్లు పెట్టాడు. మనిషిలో మార్పు వచ్చింది. ఈ సంగతి మొగుణ్ణి అడిగితే భక్తి చెదిరిపోతుందేమోనని అడగలేదు. అన్నగారికి మాత్రం ఫోను చేసి చెప్పింది. "మీ బావ దారిలోకొచ్చేరు అన్నయ్యా. పెట్టిని పూజిత్తన్నారు."

శుక్రవారం త్రినాధరావు తెల్లవారకుండానే మార్కెట్‌కి వెళ్ళాడు. వరహాలక్ష్మి తలంటు పోసుకుని పెట్టె ముందు కూర్చుంది. పాపం, మగాళ్ళకి బొట్టు పెట్టడం ఏం తెలుసు? ఒకటి తూర్పు, ఒకటి పడమర. వంకర బొట్టు ఇంటికి అరిష్టం. తడిగుడ్డతో మూడూ తుడిచేసి, పసుపు రాసి, మూడు నాబ్‌ల నడినెత్తిన తిన్నగా, ఒకే వరసలో, ముచ్చటగా మూడు బొట్లు పెట్టింది. తర్వాత దండం పెట్టుకుంది, ఆయన పాట బాగా రావాలని. ఆ దండంలో కల్మషం లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

సాయంత్రం ఆరున్నరకి వీధి అమ్మవారి సంబరంలో స్టేజీ ఎక్కాడు త్రినాధరావు. మొదటి వరసలో వరహాలక్ష్మి, పక్కన బంగార్రాజు. నానాజీ ఆర్కెస్ట్రా ఇప్పుడు ముగ్గురు మనుషులు, ఒక లాప్‌టాప్. వాయిద్యాలన్నీ అందులో ఉంటాయి. త్రినాధరావు వాయించే గిటార్ ఒక్కటీ అందులోంచి తీసేసి, ఆ చోటు అతనికి వదలాలని ఒప్పందం. సౌండ్ చూసే కన్నబాబు యాంప్లిఫయర్ ముందు ఒక మైకు కూడా పెట్టాడు. అంతా సవ్యంగా ఉంది. అలాంటప్పుడే భయపడాలి.

కమిటీ అధ్యక్షుడు స్టేజీ మీదకొచ్చాడు. పూజలందుకునే పెట్టె అని బంగార్రాజు చెప్పగా విన్నాడట. "అమ్మవారి ఎదర దానికి మర్యాద జరగాలి" అని చేతిలో ఉన్న లావుపాటి బంతిపూల దండ దాని మూతికి వేశాడు. వేసిన దండ తియ్యడం అపచారం. తర్వాత పెద్దలకి శాలువాలు కప్పాలని, దగ్గర్లో ఉన్న మైకు అందుకున్నాడు. అది యాంప్లిఫయర్ ముందున్న మైకే. శాలువాలు అయిపోయాయి గానీ, మైకు అధ్యక్షుడి చేతిలోనే ఉండిపోయింది. అధ్యక్షుల చేతిలోంచి మైకు వెనక్కి తీసుకున్న మనిషి ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

త్రినాధరావు కంగారుపడలేదు. నాబ్‌లు తను పట్టుకున్న చోట పెడితే దండ ఉన్నా నాలుగు వరసలదాకా వినిపిస్తుంది. వినవలసిన మనిషి మొదటి వరసలోనే ఉంది. ఎర్ర దీపాల వెలుతురులో వంగి, బొట్లు చూసుకున్నాడు. మూడూ నెత్తిన ఉన్నాయి. వాల్యూమ్ బొట్టు ఇంకాస్త అడుగున ఉండాలే అనిపించింది. 'మనిషి మరిచిపోతాడు, బొట్టు మరిచిపోదు' అనుకుని, మూడు నాబ్‌లూ బొట్టుకి తిప్పాడు.

పాట మొదలైంది. తీగ మీటాడు. ఏమీ వినిపించలేదు. మరుక్షణం స్టేజీ అంతా నిండిపోతూ గిటార్ మోగింది! నున్నగా, గట్టిగా, పెద్ద పెద్ద పెట్టెల్లోంచి. జనం ఈలలు వేశారు. వరహాలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. త్రినాధరావు కళ్ళు మూసుకుని వాయించాడు. ముప్పై ఏళ్ళూ ఎటో ఎగిరిపోయాయి.

రెండో చరణం ముందు చెమటకి వేలు జారింది. తప్పు తీగ తగిలింది. పాటలో మాత్రం తప్పు రాలేదు.

కళ్ళు తెరిచాడు. కావాలని ఇంకో తప్పు వాయించాడు. పాట చక్కగా సాగింది. చెయ్యి తీసేసి చూశాడు. గిటార్ మోగుతూనే ఉంది. ఎదురుగా లాప్‌టాప్ దగ్గర కన్నబాబు బొటనవేలు పైకెత్తి, 'నేనున్నాను, కానియ్యండి' అన్నట్టు నవ్వాడు. పెద్దాయన వేళ్ళు ఆడుతున్నాయి, శబ్దం రావడం లేదు, పరువు పోతుందని జాలిపడి, లాప్‌టాప్‌లో ఆపేసిన గిటార్‌ని మళ్ళీ పాటలోకి వదిలాడు. ఎంత మంచివాడో! త్రినాధరావు కొంపలు ఎప్పుడూ మంచివాళ్ళే కూల్చారు.

ఆపేద్దామనుకున్నాడు. మొదటి వరస వైపు చూశాడు. వరహాలక్ష్మి ఏడుస్తోంది. చెయ్యి మళ్ళీ తీగల మీద పెట్టి, మిగిలిన రెండు నిమిషాలూ వాయిస్తున్నట్టు ఊగాడు.

దిగగానే బంగార్రాజు వాటేసుకున్నాడు. "ఐదు వాట్లకే ఈ మోతేటి బావా! తొమ్మిది వాట్లదైతే ఊరు లేచిపోను! నేనన్న మాట ఎనక్కి తీసుకుంటన్నాను."

వరహాలక్ష్మి కళ్ళొత్తుకుంటూ వచ్చింది. "ఇంత బాగా వాయించే మనిషిని మా నాన్న అటకెక్కించేసేరండీ. నేనూ ఒక్కనాడు దింపలేదు. నన్ను క్షమించండి" అంది. ఇరవయ్యారేళ్ళుగా అతను వినాలనుకున్న మాట అది. విన్నాడు. తనది కాని ఉత్తరం చదువుతున్నట్టుంది.

"మీరు బొట్లు వంకరగా పెట్టేరు కదా. పొద్దున్న తుడిచేసి నేనే తిన్నగా పెట్టేను. అందుకే అంత బాగా పలికింది" అని కూడా అంది. త్రినాధరావు ఆమె మొహం చూసి, పెట్టె తెచ్చుకోవడానికి మళ్ళీ స్టేజీ ఎక్కాడు.

శనివారం మధ్యాహ్నం అతనికి పట్టుదల వచ్చింది. నిజం చెప్పడం చేతకాదు, వినిపించడమైనా చేతవ్వాలి. వరహాలక్ష్మిని ఎదురుగా కూర్చోబెట్టి, గెయిన్ రెండుకీ, టోన్ పదికీ, వాల్యూమ్ నాలుగున్నరకీ తిప్పి, నిన్నటి పాటే వాయించాడు. ఒకచోట వేలు తడబడింది గానీ, ప్రాణం పెట్టి వాయించాడు. ముప్పై ఏళ్ళు దాచుకున్నదంతా ఆ చిన్న పెట్టెలోంచి జీరగా, వెచ్చగా వచ్చింది. వాయించి, ఆమె మొహం చూశాడు.

వరహాలక్ష్మి మొహమాటపడింది. "బాగానే ఉందండీ... నిన్నటిలా లేదు. ఏటో గరగరలాడతంది. నిన్న ఎంత నున్నగా ఉంది!" అని లేచి, వంగి, తనే మూడు నాబ్‌లూ బొట్లకి తిప్పింది. "ఇప్పుడు వాయించండి."

వాయించాడు. నీరుకావి గుడ్డలా వెలిసిపోయిన శబ్దం వచ్చింది.

"ఆ... ఇది నయం" అంది వరహాలక్ష్మి, మనస్ఫూర్తిగా.

త్రినాధరావు గిటార్ పక్కన పెట్టాడు. బయట ముసురు మొదలైంది. బంగార్రాజు తువ్వాలు కప్పిన బెల్లం దిమ్మతో లోపలికొచ్చి, పెట్టె మీద చెయ్యేసి చూశాడు. "వేడిగానే ఉంది. బావా, వాయించడం అయిపోనాదా?" అన్నాడు.

"అయిపోయింది బావా" అన్నాడు త్రినాధరావు.

ముసురు నాలుగు రోజులు పట్టింది, మార్కెట్లో అందరి బెల్లమూ చెమ్మెక్కింది గానీ వీళ్ళ దిమ్మ మాత్రం చక్కగా ఆరింది.