మామగారిని లేపేసే వేళ

ఆ పొద్దున సెలూనాయన పెట్టుకున్న పనులు రెండే. ఓనరు తరఫున షాపులు చూడడానికి వచ్చే కొత్త గుమాస్తాకు నున్నగా గడ్డం గీయాలి. టీవీలో హత్య కథ చివరి భాగం మొదలయ్యేలోగా మామగారిని లేపాలి. రెండూ రోజూ చేసే పనులే కాబట్టి ఆయన కంగారు పడలేదు. వాన మాత్రం తెల్లవారకముందు నుంచీ పడుతూనే ఉంది. అద్దాలకు ఆవిరి పట్టింది. ఎన్నిసార్లు తుడిచినా అందులో మనిషి మొహం నీళ్ళలో మునిగినట్టే కనబడుతోంది.

సెలూన్ వెనక గదే ఇల్లు. మధ్యన తలుపు ఉండేది. చెదలు తినేస్తే పీకేసి తెర కట్టారు. తెర వెనక మామగారు ఉంటాడు. ఒకప్పుడు సెలూన్ ఆయనదే. చెయ్యి వణకడం మొదలయ్యాక కత్తి అల్లుడికిచ్చి, వెనక్కి వాలే పాత కుర్చీ మాత్రం తనతో లోపలికి తీసుకుపోయాడు. టీవీ చూడడం అందులోనే, పడుకోవడం అందులోనే. చలి అని చెప్పి, గడ్డం గీసేటప్పుడు కప్పే తెల్లగుడ్డను మెడ దాకా కప్పుకుంటాడు. ఇంకొకటి, ఆయన కళ్ళు తెరుచుకునే నిద్రపోతాడు. ఇంట్లోవాళ్ళకు అలవాటైపోయింది.

టీవీ గురించి ఆయన మాటంటే వీధిలో గురి. ఏ కథ చూడొచ్చో, ఏది దండగో ఆయన్ని అడిగాకే చూసేవాళ్ళు.

"హత్య కథ చూడాలి, వినకూడదు" అనేవాడాయన. "గొంతు వింటే చంపినవాడెవడో మొదటి రోజే తెలిసిపోతుంది. నవ్వుల కథ వినాలి, చూడకూడదు. ఆ మొహాలు చూస్తే వచ్చే నవ్వు కూడా వెనక్కి పోతుంది."

అందుకని హత్య కథ వస్తే టీవీ నోరు నొక్కేసేవాడు. నవ్వుల కథ వస్తే టీవీ మీద తువ్వాలు కప్పేవాడు. చీకటి గదిలో తువ్వాలు కింద నుంచి వందమంది ఒక్కసారిగా నవ్వుతుంటే, కొత్తగా వచ్చినవాళ్ళు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేవారు.

గుమాస్తా గొడుగు మూసి లోపలికొచ్చాడు. కుర్చీలో కూర్చుని, మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టించుకుని, అప్పుడు చెప్పాడు సంగతి.

"ఓనరు గారికి బళ్ళు పెట్టుకునే చోటు కావాలంట. మీ షాపో, పక్కన టైలరు షాపో, ఒకటి లేపెయ్యాలి. ఏది లేపెయ్యాలో చూసి చెప్పమన్నారు."

సెలూనాయన చేతిలో బ్రష్షు ఆగింది. షాపు, ఇల్లు ఒకే తాళం కింద ఉన్నాయి. షాపు పోతే పొయ్యితో సహా వీధిలో పడాలి. ముసలాయన్ని ఆ కుర్చీతో ఎక్కడికి మోసుకుపోతాడు? జన్మలో ఎవరికీ గీయనంత బాగా ఈ గడ్డం గీయాలనుకున్నాడు. గుమాస్తా మొహానికి నురగ మందంగా పట్టించాడు. కత్తిని తోలు పట్టీ మీద పైకీ కిందికీ నూరాడు. తొందరపడకుండా, చాలాసేపు నూరాడు.

అప్పుడే తెర వెనక వందమంది నవ్వారు.

గుమాస్తా అద్దంలోకి చూశాడు. గాలికి తెర తొలగింది. లోపల చీకటి. మూలన గుడ్డ కప్పిన పెట్టె ఒకటి, దాని అంచుల్లోంచి నీలం వెలుగు. ఆ వెలుగులో వాలిన కుర్చీ, కుర్చీలో మెడ దాకా తెల్లగుడ్డ కప్పిన ముసలాయన. కళ్ళు తెరిచే ఉన్నాయి. దేన్నీ చూడడం లేదు. తెర మళ్ళీ పడింది.

"ఆయనెవరు?"

"మా మామగారు సార్. హత్యలంటే ప్రాణం. ఈ రోజుతో ఆఖరు" అని సెలూనాయన గడ్డం కింద కత్తి ఆనించాడు. "గుటక వేయకండి సార్. కత్తి జారుతుంది."

సగం మొహం నున్నగా అయింది. రెండో చెంప మీదికి కత్తి తిరుగుతుండగా లోపల నుంచి ఇల్లాలి గొంతు వినబడింది.

"ఏమండీ, నాన్నని ఇంకా లేపెయ్యలేదా? వేళయింది."

"కాస్త ఆగు. ముందు ఈయన పని అయిపోనీ" అన్నాడు సెలూనాయన, చెయ్యి ఆపకుండా. "ఇద్దర్నీ ఒకేసారి చూడలేను."

"పోయినసారి అరిచాడు. వీధంతా విన్నారు."

"ఈసారి అరవనివ్వను. ముక్కు మూసేస్తా."

"ముక్కు ఒక్కటే మూస్తే చాలదు. తడిగుడ్డ మొహం మీద వేసి అదమండి."

"అన్నీ తెలిసినదానివి, నువ్వే కానియ్యరాదా?"

"కన్నతండ్రిని, నా చేతుల్తోనా? నా వల్ల కాదు. మొన్న చెయ్యి వేస్తే కరిచాడు."

తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళుంటారని గుమాస్తా చిన్నప్పటి నుంచీ వింటున్నాడు. ఏదో మాటవరసకు అంటారనుకున్నాడు. పెదాలు కదిపీ కదపకుండా అన్నాడు.

"మేస్త్రీ, మీ షాపు లేపెయ్యమని నేను చెప్పను."

"నిజంగానా సార్?"

సంతోషానికి సెలూనాయన చెయ్యి అదిరింది. నురగలో సన్నగా ఎర్ర గీత పడింది.

"ఏం కాదు సార్, పటిక రాస్తే పోతుంది" అని, లోపలికి కేకేశాడు. "విన్నావా? ఈయన దారికొచ్చాడు. ఇంక ముసలాయన సంగతి చూద్దాం. ముందు నువ్వొచ్చి వీధి తలుపు వెయ్యి."

జల్లు లోపలికి కొడుతోందని ఆయన బాధ. ఇల్లాలు వచ్చింది. ఆమె చేతిలో తడి తువ్వాలు ఉంది. గుమాస్తాను చూసి మర్యాదగా చిన్న నవ్వు నవ్వి, తలుపు వేసి గడియ పెట్టింది. ఆ గడియ పడడమూ, కరెంటు పోవడమూ ఒక్కసారే జరిగాయి. లోపల నవ్వుతున్న వందమందీ నవ్వు సగంలో ఉండగానే నోళ్ళు మూశారు.

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. టీవీ మోగుతుంటే నిద్రపోయేవాళ్ళకు అది ఆగితే మెలకువ వస్తుంది. తెర వెనక నుంచి నిదానంగా, బొంగురుగా ఒక గొంతు అడిగింది.

"ఎవరు చంపారు?"

గుమాస్తా కుర్చీలోంచి లేచాడు. చీకట్లో తలుపనుకుని తెరలోకి దూరాడు. తాడు తెగి తెర కూడా ఒంటికి చుట్టుకుంది. పోయిపోయి ముసలాయన మోకాళ్ళ మీద పడ్డాడు. చేతికి తగిలిన కాళ్ళు చల్లగా ఉన్నాయి. అయినా మనిషి మంచివాడు, చెప్పాల్సింది చెప్పాడు.

"పెద్దాయనా, మిమ్మల్ని లేపేస్తున్నారు."

"లేచే ఉన్నాగా. ఇంక లేపేదేముంది?"

"మీ అల్లుడే. మీ అమ్మాయి కూడా ఉంది ఇందులో."

"రోజూ వాళ్ళే" అన్నాడు ముసలాయన. "కొత్తేముంది?"

గుమాస్తా చేతులు వెనక్కి తీసుకున్నాడు. "రోజూనా? మరి మీరు?"

"మళ్ళీ మధ్యాహ్నం ఒరుగుతా. మళ్ళీ లేపుతారు. ఈ వయసులో మనకి ఇంకేం పనుంటుంది? ఇంతకీ నువ్వెప్పుడొచ్చావు ఇటు?"

ఆ 'ఇటు' అన్న మాట గుమాస్తా తట్టుకోలేకపోయాడు. పెరటి తలుపు దొరికింది. వానలోకి దూకాడు.

సగం గడ్డంతో పోయినవాడు షాపు ఉంచమని ఎందుకు చెబుతాడు? కత్తి చేతిలో ఉందన్న సంగతి మరిచి సెలూనాయన కూడా పెరట్లోంచి పరిగెత్తాడు.

"సార్, ఆగండి. సగమే అయింది. మిగతా సగం కూడా కానిచ్చేస్తా."

గుమాస్తా ఆగలేదు. పెరటి సందు పోయి టైలరు కిటికీ దగ్గర ముగుస్తుంది. కరెంటు లేదని టైలరు కిటికీ దగ్గరకు మిషను జరుపుకుని, తల వంచి సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. వెలుతురు తగ్గితే తలెత్తాడు. అద్దానికి అవతల ఒక తెల్లటి ఆకారం నిలబడి ఉంది. మొహం సగమే ఉంది, మిగతా సగం నురగలా కారిపోతోంది. చెంప మీద నెత్తురు. రెండు చేతులూ అద్దానికి ఆనించి నోరు తెరిచింది. టైలరు సూది అక్కడే వదిలి ముందు తలుపులోంచి బయటపడ్డాడు. వీధి చివర దాకా ఎక్కడా ఆగలేదు. గుమాస్తా గోడ దూకి ఇంకో వైపు పోయాడు.

సెలూనాయన తడిసి తిరిగొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"కొంప మునిగింది, మామయ్యా."

"వచ్చినవాడెవడు?"

"గుమాస్తా. మన షాపు అతని చేతిలో ఉంది."

"దయ్యమేమో అనుకున్నా" అన్నాడు ముసలాయన. "అంత తొందరగా చూపించకూడదే అని కూడా అనుకున్నా. దయ్యాన్ని చివర్లో చూపిస్తేనే విలువ."

కరెంటు వచ్చేసరికి హత్య కథ అయిపోయింది. చంపినవాడెవడో తెలియలేదు. ఈ కథ పేరు చూడదగ్గవాటిలో చేర్చొచ్చని ముసలాయన అన్నాడు. ఇంట్లో వినే స్థితిలో ఎవరూ లేరు. ఆ సాయంత్రం దాకా ఇల్లాలు సామాన్లు ఒక్కొక్కటే చూసుకుంటూ, ఏది ఎక్కడ పెట్టి కట్టాలో అనుకుంటూ కూర్చుంది.

మర్నాడు వాన వెలిసింది. గుమాస్తా మొహానికి మఫ్లరు చుట్టుకుని, సెలూన్ వైపు చూడకుండా టైలరు షాపుకొచ్చాడు. టైలరు అప్పటికే మిషను తోపుడు బండి మీదికి ఎక్కించాడు.

"నేను ఖాళీ చేస్తున్నా సార్. ఎదురు వీధిలో మా బావమరిది షాపులో సగం ఇస్తానన్నాడు. ఇక్కడ ఇంక ఒక్క పూట ఉండను. నిన్న ఈ కళ్ళతో చూశా."

"ఏం చూశావు?"

టైలరు చెప్పాడు. చెబుతూ చెబుతూ గుమాస్తా కళ్ళలోకి చూసి ఆగిపోయాడు.

"ఏమీ అనుకోకండి సార్. దాని కళ్ళు అచ్చం మీ కళ్ళలాగే ఉన్నాయి."

గుమాస్తా పక్కకు చూశాడు. సెలూన్ మెట్ల మీద, ఎండలో, ముసలాయన కూర్చుని కాళ్ళు కాచుకుంటున్నాడు. మెట్టు మీద ఆయన నీడ పడింది. లోపల నుంచి కూతురు అరుస్తోంది.

"నాన్నా, అక్కడే నిద్రపోయావంటే చెప్తున్నా, తడిగుడ్డ తెచ్చి లేపేస్తా."

గుమాస్తాకు ఒక్కొక్క మాటా వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. అంతా అర్థమైంది. ఇక్కడ దయ్యం లేదు, నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు అని టైలరుకు చెప్పడం ఒక్క నిమిషం పని. అయితే మరి అదెవరు అని టైలరు అడుగుతాడు. గుమాస్తా మఫ్లరు ఇంకొంచెం పైకి లాక్కున్నాడు.

"దయ్యాలతో మనకెందుకులే. నువ్వు చేసేదే మంచిది" అన్నాడు. బండి కదలడానికి వెనక నుంచి ఒక చెయ్యి కూడా వేశాడు.

టైలరు చోటు బళ్ళకిచ్చారు. సెలూన్ సెలూన్‌గానే ఉండిపోయింది.

గుమాస్తా గడ్డం పెంచుతున్నాడు.